పాతబస్తీలో వీధి ఫొటోగ్రఫీ నేర్చుకోవడం ఎలా?

మనుషుల వెంట పరుగెత్తకండి, వెలుగున్న చోట కాచుకోండి. హైదరాబాద్‌లో లాడ్ బజారు చార్మినార్ నుంచి పడమరకు సాగుతుంది. అందుకే సాయంత్రం అటు తిరిగి నిలబడితే ఎండ ఎదురుగా వస్తుంది, నడిచే మనుషులు నల్లని ఆకారాలుగా కనిపిస్తారు.

రద్దీలో ఆటోఫోకస్ (కెమెరా తానే ఫోకస్ చేసుకోవడం) తడబడుతుంది, కాబట్టి దాన్ని ఆపేయండి. ఫుల్‌ఫ్రేమ్ (ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాకు విశాలంగా చూపే 28 ఎంఎం లెన్సు పెట్టి, ఎపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్/8లో ఉంచి, ఫోకస్‌ను 3 మీటర్ల దగ్గర స్థిరపరచండి. సుమారు ఒకటిన్నర మీటర్ల నుంచి 30 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. షట్టర్ (వెలుగును లోపలికి వదిలే సమయం) 1/250 సెకను చాలు. చేతులూపుతూ బేరమాడేవారికి 1/500 మేలు.

దూరం నుంచి జూమ్‌తో తీయడం నాకు దొంగచాటు పనిలా తోస్తుంది. ఎవరైనా వద్దంటే వాళ్ల ఎదుటే చెరిపేయండి. గాజుల దుకాణంవారికి ఒక ప్రింటు ఇచ్చి చూడండి, వచ్చేసారి వాళ్లే పిలుస్తారు.