డిస్కు ఇచ్చినా, పాస్‌వర్డ్ ఇచ్చినా, కాపీ ఇచ్చినా ఒకటేనా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది శ్రీకాకుళం. నలుగురు స్నేహితులం తలో వెయ్యి వేసుకుని స్టీమ్‌లో (ఆన్‌లైన్‌లో కంప్యూటర్ గేములు అమ్మే చోటు) నాలుగు వేల గేమ్ ఒకటి కొన్నాం. ఐడీ మాలో ఒకడి మెయిల్‌తో తీశాం. వంతులేసుకుని ఆరు నెలలు ఆడాం. వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్లిన నెలకే పాస్‌వర్డ్ మార్చేశాడు. అడిగితే ‘ఐడీ నా పేరున ఉంది, మీకేటి సంబంధం’ అంటన్నాడు. వాడి మీద కేసు పెట్టొచ్చా? ఇంకోటి, మా తమ్ముడికి 16 ఏళ్లు. బజార్లో కంప్యూటర్ షాపుకి వంద రూపాయలిచ్చి హార్డ్ డిస్కులో పది గేములు ఎక్కించుకొచ్చాడు. అన్నీ క్రాక్ చేసినవేనట, అంటే తాళం విరగ్గొట్టిన దొంగ కాపీలు. నాన్న గవర్నమెంటు టీచరు. పోలీసులొస్తే తన ఉద్యోగం ఏమవుతుందోనని ఇంట్లో ఒకటే గొడవ. నా ప్లేస్టేషన్ డిస్కులు టెక్కలిలో మా మావయ్య గారబ్బాయికి ఇస్తుంటాను. అదీ నేరమేనా?
– పేరు వద్దన్న పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: బాబూ, మీ ఉత్తరంలో ‘ఇవ్వడం’ మూడుసార్లు ఉంది. డిస్కు ఇచ్చారు, పాస్‌వర్డ్ ఇచ్చుకున్నారు, షాపువాడు గేములు ఎక్కించి ఇచ్చాడు. మన ఊళ్లో మూడింటినీ సాయమనే అంటారు. చట్టం మాత్రం వేటికవి విడదీసి చూస్తుంది.

తేలికది ముందు తేల్చేద్దాం. టెక్కలి వెళ్లే డిస్కులతో మీకే ఇబ్బందీ లేదు. 1957 నాటి కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంని సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది. తుపాకుల గేమూ ప్రబంధ కావ్యమూ ఒకే గాటన ఉన్నాయన్నమాట, నవ్వుకోవచ్చు. సెక్షన్ 14 ప్రకారం ప్రోగ్రాం కాపీని అమ్మే హక్కు, వ్యాపారంగా అద్దెకిచ్చే హక్కు దాని యజమానివి. మీరు అమ్మడం లేదు, అద్దె తీసుకోవడం లేదు, ఇంకో కాపీ తియ్యడం లేదు. కొన్న వస్తువుని మీ బావమరిది చేతిలో పెడుతున్నారు, అంతే. డిస్కులో వచ్చే సాఫ్ట్‌వేర్ ‘సరుకే’ అని 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ అమ్మకం పన్ను మీద నడిచిన కేసే. ఆడేసిన డిస్కుని సెకండ్ హ్యాండ్‌లో అమ్ముకోవచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు. ‘అంతకుముందు అమ్ముడైన కాపీ అయినా సరే’ అని సెక్షన్ 14లో ఒకప్పుడు ఉన్న మాటల్ని 1999 సవరణలో తీసేశారు. అందుకని అమ్ముకోవచ్చనే వాదనకే బలం ఎక్కువని నా అభిప్రాయం. రోజుకి ఇరవై చొప్పున వీధిలో పిల్లలకి అద్దెకి తిప్పితే మాత్రం అది వ్యాపారం. అప్పుడు నా జవాబు మారిపోతుంది.

ఇక నాలుగు వేల గేమ్. ఇక్కడే మీ నలుగురూ ఒక సంగతి మర్చిపోయారు. మీరు గేమ్ కొనలేదు, ఆడుకోవడానికి అనుమతి కొన్నారు. మనవైపు వాళ్లకిది కొత్త విషయమేం కాదు. ఉద్దానంలో జీడితోట ఫలసాయం కొనుక్కున్న ఆసామీని అడగండి. ఆ సీజనుకి పిక్కలు ఏరుకుంటాడు. చెట్టు కొట్టలేడు, తోట తనదని ఇంకొకరికి అమ్మలేడు, గడువయ్యాక గేటు దగ్గర నిలబడి గొడవ పెట్టలేడు. ఇంకొకరి భూమిలో ఇలా ఒక పని చేసుకునే అనుమతినే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 52లో ‘లైసెన్సు’ అంటారు.  

స్టీమ్ ఒప్పందంలో గేమ్ మీకు లైసెన్సుగా ఇస్తున్నాం, అమ్మడం లేదు అని ఉంటుంది. పాస్‌వర్డ్ ఇంకొకరికి చెప్పకూడదనీ ఉంటుంది. ఎవరూ చదవరు, నేనూ నా ఫోన్లో చదవకుండానే నొక్కేస్తాను. కానీ ‘నేను ఒప్పుకుంటున్నాను’ అని నొక్కితే అది ఒప్పందమే. కంప్యూటర్ మీద కుదిరిందనే కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం సెక్షన్ 10ఎ చెబుతోంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన చట్టం పుణ్యమాని 2024 అక్టోబరు నుంచి డబ్బు కట్టే పేజీ మీదే స్టీమ్ ‘మీరు కొంటున్నది లైసెన్సు’ అని చూపిస్తోంది. లైసెన్సు ఎంత పలచనిదో తెలియాలంటే ‘ద క్రూ’ అనే కార్ల రేసు గేమ్ సంగతి చాలు. 2024 మార్చి 31న కంపెనీ సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి డిస్కు కొన్నవాళ్లకి కూడా ఆ రోజు నుంచి గేమ్ తెరుచుకోలేదు.

ఇప్పుడు మీ స్నేహితుడి సంగతి. మోసం కేసు పెడదామంటే, డబ్బు తీసుకున్న నాడే వాడి మనసులో దురుద్దేశం ఉండాలి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 అడిగేది అదే. ఆరు నెలలు మీ చేత ఆడించి, తరవాత బుద్ధి మారినవాడు ఆ సెక్షన్‌లో ఇమడడు. పాస్‌వర్డ్ మార్చాడు కదా, ఐటీ చట్టం ఉంది కదా అంటారేమో. ఆ ఐడీ వాడి మెయిల్‌తో తీసిందే, మార్చుకున్నది వాడి పాస్‌వర్డే. అదే ఐడీ మీ పేరున ఉండి, వాడు దొంగతనంగా మార్చి ఉంటే ఆ ఐటీ చట్టం సెక్షన్ 66సి కింద ఫిర్యాదుకి దారి ఉండేది. దానికి మూడేళ్ల వరకూ జైలు, లక్ష దాకా జరిమానా.

మిగిలింది మీ నలుగురి మధ్య నోటిమాట ఒప్పందం. నోటిమాట కూడా చెల్లుతుంది. మీరు వాడికి ఫోన్‌పేలో పంపిన వెయ్యేసి రూపాయల రికార్డు, ‘రేపు సాయంత్రం నా వంతు’ అన్న వాట్సాప్ మెసేజీలు దానికి సాక్ష్యం. కానీ ఆ కాగితాలు మీరు డబ్బు ఇచ్చారని చెబుతాయే తప్ప ఐడీ మీదని చెప్పవు. కాబట్టి కోర్టులో అడిగితే గేమ్ అడగకండి, డబ్బు అడగండి. అదీ ఆరు నెలలు ఆడారు కనక పూర్తి వెయ్యి వస్తుందని నేను మాట ఇవ్వలేను. వకీలు ఫీజు దానికి పదింతలవుతుంది, నా ఫీజుతో సహా. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థలో దావాకి ముందే ఒక అర్జీ ఇవ్వొచ్చు. ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌కి పిలిచి మాట్లాడిస్తారు. ఉద్యోగంలో కుదురుకుంటున్న కుర్రాడికి ఆ నోటీసు అందితే చాలావరకూ ఫోన్ వాడే చేస్తాడు.

కంపెనీకి రాద్దామని మాత్రం అనుకోకండి. ‘ఈ ఐడీని మేం నలుగురం వాడాం’ అని మీ చేత్తో రాసిచ్చిన మరుక్షణం నలుగురూ ఒప్పందం తప్పినవాళ్లే. రొట్టె కోసం తగువాడుకుని కోతి దగ్గరికెళ్లిన పిల్లుల కథ తెలుసు కదా. కంపెనీ ఐడీయే మూసేస్తే వాడికీ లేదు, మీకూ లేదు.

ఇక ముందు కొనేటప్పుడు ఎవరి గేమ్ వాళ్ల ఐడీ మీదే కొనండి. స్టీమ్‌లో ‘ఫ్యామిలీస్’ అని ఒక ఏర్పాటుంది. ఆరుగురి దాకా ఒకరి గేములు ఒకరు ఆడుకోవచ్చు, పాస్‌వర్డ్ చెప్పక్కర్లేదు. కాకపోతే అది ఒకే ఇంట్లో ఉండేవాళ్లకని నిబంధన. మీ తమ్ముడు వస్తాడు, వీధి చివరి స్నేహితుడు రాడు. ఇంకో మెలిక. మీ గేమ్ ఆడుతూ తమ్ముడు అడ్డదారిన గెలిపించే మోసపు సాఫ్ట్‌వేర్ వాడి దొరికిపోతే, ఆ గేమ్‌లో నిషేధం వాడితో పాటు మీకూ పడుతుంది.

ఇప్పుడు అసలు మంట, హార్డ్ డిస్కు.

గేమ్‌కి తాళం వెయ్యడం ఇవాళ్టిది కాదు. తొంభైల్లో నేను విశాఖలో లా చదివేటప్పుడు, మా రూముకి దగ్గర్లో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అక్కడొక గేమ్ మొదలవగానే ‘పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా లైను, మూడో పదం కొట్టు’ అని అడిగేది. ఫ్లాపీని కాపీ చేసినవాడి దగ్గర పుస్తకం ఉండదు కదా, అదీ ఉపాయం. మేమేం చేశామంటే ఎనభై పేజీల పుస్తకాన్నీ జిరాక్స్ తీయించి, పురికొస కట్టి మానిటర్ పక్కన వేలాడదీశాం. అది తప్పని ఆనాడు మాలో ఒక్కడికీ తోచలేదు. అందరం లా స్టూడెంట్లమే.

ఇప్పటి తాళాలు ఇంటర్నెట్‌తో ముడిపడ్డవి. వాటిని విరగ్గొట్టడం మీద 2012లో కాపీరైటు చట్టానికి సెక్షన్ 65ఎ చేర్చారు. రెండేళ్ల వరకూ జైలు, జరిమానా. కానీ ఆ సెక్షన్‌లో ఒక మాట చూడాలి. ‘హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో’ తాళం విరగ్గొడితేనే నేరం. సొంత డిస్కు గీతలు పడి పాడవుతుందని ఒక కాపీ తీసి పెట్టుకోవడానికి అదే కాపీరైటు చట్టం సెక్షన్ 52 అనుమతిస్తుంది. దానికోసం తాళం తీస్తే 65ఎ అంటదు. ఆ కాపీని టెక్కలి పంపితే మాత్రం అది జాగ్రత్త కాపీ కాదు, దొంగ కాపీ.

ఇంకో తమాషా ఉంది. ఇంకొకరి కోసం తాళం తీసిపెట్టేవాడు ఆ మనిషి పేరు, చిరునామా, ఎందుకు తీయించుకుంటున్నాడో అన్నీ రాసి ఉంచాలని అదే 65ఎ చెబుతుంది. మీ తమ్ముడు వెళ్లిన షాపులో అలాంటి పుస్తకం ఉండి ఉంటుందా? నేను చూసిన ఒక షాపులో కౌంటరు మీద స్పైరల్ పుస్తకం ఉంది. అందులో వరసగా ‘50, 50, 100’ అని అంకెలే తప్ప ఒక్క పేరు లేదు.

కాబట్టి భయపడాల్సింది ఆ షాపువాడు. డబ్బుకి కాపీలు ఎక్కించడం సెక్షన్ 63 కింద నేరం. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. ఎస్సై స్థాయి అధికారి వారెంటు లేకుండానే దొంగ కాపీల్ని స్వాధీనం చేసుకోవచ్చు. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగ్గ, బెయిలు హక్కుగా రాని నేరమని 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకుముందు హైకోర్టులు తలో మాట చెప్పేవి.

మీ తమ్ముడి విషయానికి వస్తే, దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్లో వాడటం సెక్షన్ 63బి కింద నేరమే. కాదని చెప్పలేను. ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా శిక్ష రాసుంది. అయితే వ్యాపార లాభం కోసం కాక సొంతానికి వాడితే, తగిన కారణాలు నమోదు చేసి జైలు లేకుండా యాభై వేల లోపు జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు కోర్టుకిచ్చారు. పైగా 18 నిండని పిల్లాడు. ఏదైనా జరిగినా పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకే తప్ప మామూలు కోర్టుకి రాడు. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో ఇంట్లో ఆడుకున్న పిల్లాడి మీద ఇలాంటి కేసు నా దగ్గరికి ఒక్కటీ రాలేదు. వచ్చినవన్నీ షాపుల మీదే.

నాన్నగారికి నా మాటగా చెప్పండి. తెలిసి డబ్బులిచ్చి పంపితే తప్ప కొడుకు చేసింది తండ్రికి చుట్టుకోదు. ఆయన చూసుకోవాల్సింది వేరే ఉంది. ఆ హార్డ్ డిస్కు తీసుకెళ్లి ఎవరైనా స్కూల్ కంప్యూటర్‌కి తగిలించలేదు కదా? అలా తగిలించి ఉంటే శాఖాపరంగా సంజాయిషీ అడిగే అవకాశం ఉంది. క్రాక్ ఫైళ్లతో పాటు వైరస్ వస్తే పిల్లల మార్కుల ఫైళ్లూ పోతాయి.

ఇప్పటిదాకా ఏ కేసూ లేదు కనక ఆ పది గేములూ తుడిచేయించండి. కేసు నమోదయ్యాక తుడిస్తే సాక్ష్యం మాయం చేసినట్టవుతుంది. స్నేహితుడి సంగతి సంక్రాంతి దాకా ఆపండి. ఎలాగూ పండక్కి ఊరొస్తాడు. అప్పుడు కూడా మాట వినకపోతే, ఆ వాట్సాప్ మెసేజీల ప్రింటవుట్లు తీసుకుని రండి, అర్జీ నేనే రాసిస్తాను.