7700ఎక్స్ 95 డిగ్రీలకు వెళ్తోందా? ముందు దాని స్పీడ్ ఎంతుందో చూడండి

విజయవాడలో ఏసీ లేని గది, కొత్తగా కొన్న ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 7 7700ఎక్స్, వీడియో ఎక్స్‌పోర్ట్ మొదలుపెట్టగానే 95 డిగ్రీలు. కాలిపోతుందా, ఇలా ఉండగా ఓవర్‌క్లాక్ (మనమే సెట్టింగ్స్ మార్చి స్పీడ్ పెంచడం) చేయవచ్చా అని మీరు అడిగారు. కాలిపోదండి, టెన్షన్ పడకండి. ఓవర్‌క్లాక్ మాత్రం వద్దనే చెబుతాను. అక్టోబరు నుంచి ఖమ్మంలో నేనూ ఇదే చిప్ వాడుతున్నాను. మొదటి వారం నాకూ మీ భయమే.

పాత ప్రాసెసర్లలో 95 కనిపిస్తే ఏదో తేడా ఉందనుకునేవాళ్లం. 2022 సెప్టెంబరులో వచ్చిన ఈ 7000 సిరీస్ తీరు వేరు. ఇది తన స్పీడ్ తనే పెంచుకుంటూ పోతుంది. 142 వాట్ల హద్దు తగలాలి, లేదా 95 డిగ్రీల హద్దు తగలాలి. ఏది ముందు తగిలితే అక్కడ ఆగుతుంది. రోజంతా 95లో నడిచినా ఫర్వాలేదని, అలాగే డిజైన్ చేశామని ఏఎండీయే చెప్పింది. ఎనిమిది కోర్లూ (లెక్కలు చేసే భాగాలు) ఉన్న సిలికాన్ ముక్క చిటికెన వేలి గోరంత ఉంటుంది. అంత వేడీ అంత చిన్న చోటు నుంచే బయటికి రావాలి. పైగా ముందు తరం ఏఎం4 సాకెట్ కోసం చేసిన కూలర్లు పనికొచ్చేలా చిప్ మీది లోహపు మూతను మందంగా చేశారు. అందుకే పెద్ద కూలర్ పెట్టినా అంకె అనుకున్నంత దిగదు.

కాబట్టి 95 అనే అంకె ఒక్కటే చూస్తే మీకేమీ తెలియదు. ఆ 95 దగ్గర ఎంత స్పీడ్‌లో నడుస్తోందో చూడాలి. నాకిది దెబ్బ తగిలాకే తెలిసింది. సిస్టమ్ కొన్న షాపులోనే బిగించి ఇచ్చారు. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి స్కోరు ఇచ్చే సినీబెంచ్ పరీక్ష నడిపితే 95 డిగ్రీలు, స్పీడ్ 4.1 గిగాహెర్ట్జ్. ఈ చిప్‌కి బేస్ స్పీడే 4.5! "ఈ సిరీస్ అంతా ఇంతే సార్" అన్నారు షాపులో. మూడు రోజులు చూసి, స్క్రూడ్రైవర్ తీసుకుని కూలర్ నేనే విప్పాను. రాగి అడుగుకి పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అలాగే అంటుకుని ఉంది, దాని మీదే, చిప్ వేడిని కూలర్‌కి చేర్చే పేస్ట్ పూసేశారు. గోటితో అంచు పట్టి లాగితే జిగురుతో సహా చర్రున ఊడింది. మూత, కూలర్ అడుగు రెండూ తుడిచి, కొత్త పేస్ట్ పూసి బిగిస్తే అదే పరీక్షలో 5.1 వచ్చింది. వేడి అంకె? మళ్లీ 95 దగ్గరికే వెళ్లింది. అంకె అదే, చిప్ చేసే పని మాత్రం చాలా పెరిగింది.

మీరూ వేడి, స్పీడ్ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి ఎక్స్‌పోర్ట్ జరుగుతుండగా చూడండి. 5 గిగాహెర్ట్జ్ అటూ ఇటూ ఉంటే అంతా బాగున్నట్టే. 4.5 కంటే కిందికి పడుతుంటే కూలర్ విప్పి చూడాల్సిందే. పేస్ట్ పక్కలకు కారి మూత కాళ్ల మధ్య సందుల్లోకి వెళ్లినా, అది కరెంటు ప్రవహించని రకం అయితే ఏమీ కాదు.

ఇక ఓవర్‌క్లాక్. అన్ని కోర్లనూ 5.2 దగ్గర కట్టేస్తే, ఒక్క కోర్ మీద పడే పనికి అది సొంతంగా అందుకునే 5.4 పోతుంది. గేమ్స్‌లో నష్టమే. మన ఎండల్లో ఆ 5.2 నిలబడటమూ కష్టమే. నేను చేసింది దీనికి ఉల్టా. బయోస్‌లో (బోర్డు సెట్టింగ్స్‌లో) ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌లో నెగటివ్ విలువ ఇస్తే అదే స్పీడ్‌ను తక్కువ వోల్టేజ్‌తో నడుపుతుంది. ఆశకొద్దీ ముందు మైనస్ 30 పెట్టాను. సినీబెంచ్ అరగంట నడిచింది, సంబరపడ్డాను. మర్నాడు పొద్దున ఏ పనీ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అయింది. కోర్లు అతి ఎక్కువ స్పీడ్ అందుకునేది తేలిక పనిలోనే, వోల్టేజ్ చాలకపోతే బయటపడేదీ అక్కడే. అందుకే బరువైన పరీక్ష పాసైందని నమ్మకండి, కోర్‌సైక్లర్ అనే ప్రోగ్రామ్‌తో ఒక్కో కోర్‌నూ రాత్రంతా పరీక్షించండి. చివరికి నాది మైనస్ 15 దగ్గర స్థిరపడింది. ఇలాంటి మార్పుల వల్ల చిప్ పాడైతే వారంటీ వర్తించదన్నది గుర్తుంచుకోండి.

ఈ ఏప్రిల్‌లో మధ్యాహ్నం మా గది 37 దాటుతుంటే, చిప్ కరెంటు వాడకానికి తక్కువ హద్దు పెట్టే ఎకో మోడ్ 65 వాట్లకు మారాను. పేరుకి 65 అయినా చిప్ 88 వాట్ల దాకా తీసుకుంటుంది. సినీబెంచ్‌లో నా స్కోరు 19,400 నుంచి 18,300కి తగ్గింది, వేడి మాత్రం 72 దగ్గరే ఆగింది. ఫ్యాన్ హోరు తగ్గడంతో పక్కన కూర్చుని ఆడియో కూడా ఎడిట్ చేసుకోగలుగుతున్నాను. ఏసీ లేని గదికి నా ఓటు దీనికే. వారంటీ భయం ఉన్నా ముందు ఇదే పెట్టి చూడండి.

ఒక్క మాట. బయోస్‌లో ర్యామ్ సెట్టింగ్స్ మార్చినా, బయోస్ అప్‌డేట్ చేసినా, తర్వాత తెర కొన్ని నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు. డీడీఆర్5 మెమరీని బోర్డు కొత్తగా సరిచూసుకుంటోందన్నమాట. కంగారుపడి స్విచ్ ఆపేయకండి.