సమాధానం: బాల నేరాల లెక్కల్లో రెండు అంకెలు ఎందుకున్నాయి?

జాతీయ నేర గణాంకాల సంస్థ (ఎన్‌సీఆర్‌బీ) 2022 నివేదికలో నేరాల్లో పట్టుబడిన బాలలకు సంబంధించి ఒకచోట 30,555 అనీ మరోచోట 37,780 అనీ ఉందనీ, చెన్నైలో సమర్పించవలసిన మీ ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) ప్రాజెక్టులో ఏది వాడాలో తేలడం లేదనీ రాశారు. రెండూ సరైనవే. మొదటిది ఆ ఏడాది నమోదైన కేసుల సంఖ్య. రెండవది పోలీసులు అదుపులోకి తీసుకున్న పిల్లల సంఖ్య. ఒకే కేసులో ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఉండడం మామూలే కనుక రెండవది పెద్దదిగా ఉంటుంది. వయసు గురించి రాసేటప్పుడు రెండవదే తీసుకోండి: ఆ 37,780 మందిలో 29,690 మంది 16 నుంచి 18 ఏళ్ల లోపువారు.

అసలు జాగ్రత్త పడవలసింది చెన్నై పట్టిక దగ్గర. మహానగరాల రేట్లను (జనాభాలో లక్షకు ఎన్ని కేసులన్న లెక్క) 2011 జనగణన మీద కడతారు, రాష్ట్రాల రేట్లకేమో ఆ ఏటికి అంచనా వేసిన జనాభాను తీసుకుంటారు. పాత జనాభా తక్కువ కాబట్టి చెన్నై రేటును తమిళనాడు రేటు పక్కన పెడితే నగరం ఉన్నదానికన్నా చెడ్డగా కనిపిస్తుంది. (పత్రికల శీర్షికలు ఈ తేడాను పట్టించుకోవు.)

ఇంకొకటి: 2015 బాల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నాటి నమూనా నియమాల ప్రకారం, నేరం అతి తీవ్రమైనదైతేనో, పెద్దలతో కలిసి చేసినదైతేనో తప్ప బాలలపై ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. మిగతావాటిని స్టేషన్ జనరల్ డైరీలో (రోజువారీ రికార్డు పుస్తకంలో) రాసి, పిల్లవాడి కుటుంబ, సామాజిక నేపథ్య నివేదికతో బాల నేరారోపణలను విచారించే బాల న్యాయ బోర్డుకు పంపాలి. అందువల్ల ఏ స్టేషన్ ఈ నియమాన్ని ఎంతవరకు పాటిస్తోందన్నదాన్ని బట్టి కూడా కేసుల అంకె మారుతుంది.

చెన్నై కెల్లీస్‌లోని ఆ బోర్డుకు వెళ్లేటప్పుడు కళాశాల లేఖ తీసుకువెళ్లండి. పిల్లల గుర్తింపును బయటపెట్టకూడదనే 2015 చట్టం 74వ సెక్షన్‌ను దృష్టిలో పెట్టుకుని, ప్రాజెక్టులో పిల్లల పేరు, చిరునామా, బడి వివరాలు రాయకండి.