అర్బా మించ్ వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు ఏడాదిపాటు ఇథియోపియాలో వాలంటీరుగా సైన్స్ చెప్పడానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. అదీ అర్బా మించ్‌కే! అందరికీ చెప్పుకోవాలన్నంత సంతోషమేసింది. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. మీ పెదనాన్నా నేనూ అదే ఊళ్లో యూనివర్సిటీలో పాఠాలు చెప్పొచ్చినవాళ్లం, నిన్ను వద్దని ఏ మొహంతో అంటాను?

యెల్లో ఫీవర్ టీకా వేయించుకో, ఆ కార్డు పారేసుకోకు. దోమతెర లేకుండా పడుకోకు. బుధ, శుక్రవారాలు వాళ్లలో చాలామంది మాంసం, పాలు, గుడ్లు ముట్టరు, కాబట్టి పప్పులు, కూరలతో ఇంజెరా, అంటే పుల్లటి పెద్ద దోశలాంటిది, హాయిగా దొరుకుతుంది. వాళ్ల గడియారం పొద్దున్న ఆరు నుంచి మొదలవుతుంది, ఒంటిగంటకి రమ్మంటే మన ఏడింటికి వెళ్లాలి.

ఇక డబ్బు సంగతి. టీకొట్టు దగ్గర పది రూపాయలకి కూడా ఫోన్ తీసే పిల్లవి నువ్వు. పర్సు మొహం చూసి ఎన్నాళ్లయిందో! అక్కడ నీ ఫోన్‌పే నడవదు, మన రూపాయి మార్చేవాళ్లు దొరకడం కష్టం. 2021లో టెలిబిర్, అంటే వాళ్ల ఫోన్‌పే లాంటిది, వచ్చాక వాళ్లూ ఫోన్లో కడుతున్నారట, సంతోషం. కానీ సంతలో టమాటాలు కుప్పపోసి అమ్మే ఆవిడకీ, బజాజ్ డ్రైవరుకీ చేతిలో కాగితం పెట్టాల్సిందే. బజాజ్ అంటే మన ఆటోయేలే, అక్కడ దాన్ని అలాగే పిలుస్తారు. కరెంటు పోయినా, నెట్‌వర్క్ పోయినా బ్యాంకు కౌంటర్లో "సిస్టం యెల్లెం" అంటారు. సిస్టం లేదు, రేపు రా అని.

మీ పెదనాన్నకి ఇంట్లో డబ్బుంచితే నిద్రపట్టేది కాదు. జీతం చేతికి రాగానే బ్యాంకులో వేసి, రెండేసి రోజుల ఖర్చుకి తెచ్చేవాడు. చెప్తే వినే మనిషా? ఒక ఏడు జెన్నా, అంటే వాళ్ల క్రిస్మస్, జనవరి 7న వస్తుంది, దానికి ముందురోజు బ్యాంకుకెళ్తే సిస్టం యెల్లెం. పండగనాడు బ్యాంకు సెలవు. ఆ పొద్దున్నే నాకు వణుకుతో జ్వరం. ఇంట్లో చూస్తే వంద బిర్ కాగితాలు రెండు. బిర్ అంటే వాళ్ల రూపాయి, అప్పట్లో వందే పెద్ద నోటు. బజాజ్ అతని దగ్గర వందకి చిల్లర లేదు. పండక్కి కొట్లన్నీ మూసేశారు. వెనక సీట్లో నేను పళ్లు టకటకలాడిస్తుంటే, చిల్లర కోసం ఊరంతా తిప్పాడు. క్లినిక్కులో కార్డుకి ఒక కిటికీలో డబ్బు, రక్తపరీక్షకి ఇంకో కిటికీలో డబ్బు, ముందు కట్టాకే పని. మలేరియా అని తేలేసరికి మందులకి చాల్లేదు. ఈయన పాస్‌బుక్కు తీసి చూపించాడు! మందుల కిటికీలో అమ్మాయి పాపం నవ్వలేదు.

చివరికి ఇంటి ఓనరమ్మ దగ్గరికి పరిగెత్తాడు. ఆవిడ చుట్టాల మధ్యనుంచి లేచొచ్చి, భుజాన కప్పుకున్న తన తెల్ల నెతెల, అంటే పల్చటి పైగుడ్డ, చెంగుముడి విప్పి, అయిదులు, పదులు, అంచులు చిరిగినవి, బెర్బెరే కారం వాసనొచ్చేవి, లెక్కపెట్టి ఇచ్చిందట. అవి ఆవిడ ఆ వారం ఈకుబ్‌కి కట్టాల్సిన డబ్బులని మాకు తర్వాత తెలిసింది. ఈకుబ్ అంటే మన చీటీలాంటిదే. తిరిగివ్వడానికి వెళ్తే మూడు విడతల కాఫీ అయ్యేదాకా కూర్చోబెట్టింది, డబ్బు వైపు చూడలేదు.

అందుకే చెప్తున్నా, పదిరోజుల ఖర్చు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి, రెండుమూడు చోట్ల, వీలైనంత చిల్లరగా. ఇప్పుడు రెండొందల కాగితం వచ్చింది, 2020లో. అది తీసుకుని బజాజ్ ఎక్కితే నా గతే. బ్యాంకులోనే నిలబడి చిన్ననోట్లు అడుగు, మొహమాటపడకు. సంతలో మాత్రం కట్ట తియ్యొద్దు, ఆ పూటకి సరిపడా జేబులో వేసుకెళ్లు. ఇరుగుపొరుగు నమ్మకం కుదిరాక చిన్న ఈకుబ్‌లో చేరమంటే చేరు. డబ్బుకోసం కాదే, నీకు జ్వరమొస్తే నీ గుమ్మంలోకి వచ్చేవాళ్లు వాళ్లే.

డాలర్లు మడతా మరకా లేనివి తీసుకెళ్లు. ఒకేసారి మార్చెయ్యకు, 2024 జూలైలో బిర్ విలువని మార్కెట్‌కి వదిలేశాక బాగా పడిపోయింది. వీధిలో ఎక్కువ రేటిస్తామనేవాళ్ల జోలికి పోకు, అది నేరం. బ్యాంకు రశీదులు దాచుకో, వచ్చేటప్పుడు మిగిలిన బిర్‌లు మార్చాలంటే అడుగుతారు.

తిట్టినట్టుంటే ఏమనుకోకు. పెట్టె సర్దేముందు ఒకసారి ఇంటికి రా, ఆవకాయ, కందిపొడి కట్టిస్తాను. డబ్బు విషయం మాత్రం పెదనాన్నని అడక్కు. ఆయన ఇవాళ్టికీ అంతా బ్యాంకులో వేసెయ్యమనే చెప్తాడు.

మీ పెద్దమ్మ