నీ షీట్‌లో ఖాళీ గడి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ మెయిల్, మూడు కథలు, ఆ ఎక్సెల్ షీట్ అన్నీ అందాయి. కథలు రెండుసార్లు చదివాను. షీట్ మాత్రం మా అబ్బాయి వచ్చి తెరిచి పెడితే గాని చూడలేకపోయాను. అందులో నీ రచనలో లోపాలంటూ ఏడు వరసలు. వర్ణన బలహీనం, ప్రామాణిక భాష రాదు, ఒత్తులు తప్పులు, ప్లాట్ లూజు, ముగింపు తేలిపోతుంది, నవల రాసే ఓపిక లేదు, ఇంగ్లిష్ సాహిత్యం చదవలేదు. ఒక్కోదాని పక్కన దాన్ని దిద్దుకోవడానికి ఒక్కో గడువు. వర్ణనకి మార్చి, ప్లాట్‌కి జూన్. మీ ఆఫీసుల్లో అప్రైజల్ అప్పుడు ఇలాగే రాయిస్తారట కదా! 'బలాలు' అని కూడా ఒక గడి పెట్టావు గాని, దాన్ని ఖాళీగా వదిలేశావు. నాకు ఆ గడి చూస్తేనే బెంగ పట్టుకుంది.

ముందు నా సంగతి చెప్తాను. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో నాకు వర్ణన రాదని ఒక పెద్దాయన తేల్చేశారు. నిజమే, రాదు. ఇప్పటికీ రాదు. ఆ లోటు తీర్చుకోవాలని పంతం పట్టి, గోదావరి మీద సూర్యోదయం రాయడానికి కూర్చున్నాను. నా సూర్యుడు మూడేళ్లపాటు ఉదయిస్తూనే ఉన్నాడు, ఒక్క కథా తెల్లారలేదు. వెళ్లినవి వెళ్లినట్టే తిరుగు టపాలో వచ్చేసేవి. అసలు సంగతి చాలా ఆలస్యంగా తట్టింది. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగానన్న మాటే గాని, నేను సూర్యోదయం చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళకి నేను వంటింట్లో ఉండేదాన్ని. నాకు తెల్లారడమంటే పాలవాడి క్యాన్ చప్పుడు, కుళాయి దగ్గర బిందెల తగాదా, పక్కింటి అత్తగారి దగ్గు. చెవులతో చూసిన మనిషిని పట్టుకుని కళ్లతో చూసినట్టు రాయమంటే ఎక్కడినుంచి వస్తుంది? ఆ కుళాయి తగాదానే రేడియో నాటికగా రాస్తే మొదటిసారే తీసుకున్నారు. అందులో వర్ణన ఒక్క ముక్క లేదు, ఉండడానికి చోటూ లేదు.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారిని (1891–1961) చూడు. ఆయనది వైదిక కుటుంబం, సంస్కృతం చదువు. ఇంగ్లిష్ రాదు. నీ షీట్ ప్రకారమైతే ఆయనకీ ఏడో వరస తప్పేది కాదు. కానీ తూర్పుగోదావరి ఇళ్లల్లో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగు ఆయన చెవిలో ఉంది. ఆయన కథల్లో పేజీలకి పేజీలు మాటలే నడుస్తాయి, ఎక్కడా విసుగు పుట్టదు. ఇంగ్లిష్ కూడా వచ్చి ఉంటే ఇంకా బాగా రాసేవారేమో, ఎవరు చెప్పగలరు! లేనిదాని కోసం ఉన్నదాన్ని మాత్రం పక్కన పెట్టలేదు. ఇంగ్లిష్ చదవొద్దని నేననడం లేదు సుమా. చదువు. గడువు పెట్టుకుని మాత్రం చదవకు.

ఇప్పుడు నీ ఖాళీ గడి. నీ రెండో కథలో పుణె నుంచి బస్సు వస్తుంది. ఊరివాళ్లు దిగుతూనే ఉంటారు. కొడుకూ కోడలూ అందులో లేరని తెలిసి అవ్వ, "బస్సొచ్చింది గని మనుషులు రాలే" అంటుంది. అక్కడ నేను చదవడం ఆపి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. అంతమంది దిగుతున్నా ఆమె లెక్కలో వాళ్లు మనుషులు కారు. ఆ తర్వాతి వాక్యంలో నువ్వేం రాశావో తెలుసా? 'ఆమె కళ్లలో నిరాశ అలుముకుంది' అని. నాయనా, అది నువ్వు రాసింది కాదు, నీ షీట్ రాసింది. మొదటి వరసలో 'వర్ణన బలహీనం' అని ఉంది కాబట్టి, అవ్వ చెప్పేసినదాన్నే మళ్లీ నీతో చెప్పించింది.

మా అబ్బాయిదీ మీ సాఫ్ట్‌వేర్ ఫీల్డే. టెస్టింగ్‌లో తప్పులన్నిటినీ ఒకే గాట కట్టరనీ, పని ముందుకు కదలనివ్వని తప్పుని బ్లాకర్ అంటారనీ, చిన్నాచితకవి ఉన్నా రిలీజ్ చేసేస్తారనీ చెప్పాడు. నాకు ఆ మాట తెగ నచ్చింది. నీ ఏడింటిలో బ్లాకర్ ఒక్కటే, ఒత్తులు. ఒకే పేజీలో 'బాధ', 'భాద', 'బాద' మూడూ ఉన్నాయి. అవ్వ మాటలో ఒత్తు పోతే అది ఆమె గొంతు. నీ కథనంలో పోతే అది నీ తప్పు. ఏది ఏదో చదివేవాడికి తెలియకపోతే చివరికి అవ్వ గొంతునీ అచ్చుతప్పు అనుకుంటాడు. మాండలికం రాసేవాడికి మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఒత్తులు తెలిసుండాలి. ఆంధ్రభారతి నిఘంటువు ఫోన్‌లోనే చూసుకోవచ్చు. అనుమానం వచ్చిన ప్రతి మాటా చూడు. మూడు నెలల పని, అంతకంటే లేదు.

నవల ఓపిక వరస కొట్టెయ్యి. చాసో (చాగంటి సోమయాజులు) గారి పేరు నిలబెట్టినవి చిన్న కథలే. ప్రామాణిక భాష వరసా కొట్టెయ్యి. దానికి బదులు ఒక్క కథ, కథనంతో సహా మీ పాలమూరు మాటలోనే రాసి చూడు. కుదరకపోతే పోయేదేముంది! ముగింపుల సంగతి ఇప్పుడు వద్దు, నాకే ఇంకా సరిగ్గా పట్టుబడలేదు.

ప్లాట్ లూజు అన్నావే, దాని దగ్గర కాస్త ఆగాలి. నీ మొదటి కథలో కూలీలని పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ బేరం ఆడతాడు. మాటలు అచ్చంగా దిగాయి, అరుగు మీద కూర్చుని విన్నట్టే ఉంది. అయితే ఎంత ఇస్తాడో, ఎన్ని నెలలు పనికి వెళ్లాలో మొదటి ఆరు వాక్యాల్లోనే తేలిపోయింది. బేరం తెగాక ఇంకా రెండు పేజీలు మాట్లాడుకుంటారు. ఎందుకని? నీకు వాళ్ల మాటలు వినబుద్ధయింది కాబట్టి. ప్లాట్ రాకపోవడం కాదది. నీ చెవి మంచిదవడం వల్ల వచ్చిన జబ్బు. నాకూ ఉంది గనక గుర్తుపట్టాను. కష్టపడి రాసిన వర్ణనని పదిసార్లు దిద్దుతాం, సులువుగా వచ్చిన సంభాషణని ఒక్కసారి కూడా ముట్టుకోం. బాగానే ఉంది కదా అనుకుంటాం. నన్నడిగితే ఎర్ర పెన్ను పట్టాల్సింది అక్కడే. రానివాటిలో ఎంత దిద్దినా పాసు మార్కులు వస్తాయి, అంతే. వచ్చినదాంట్లో ఒక్క వాక్యం తీసేస్తే కథే మారిపోతుంది. మాట్లాడేవాళ్ల పేర్లు తీసేసి ఆ బేరం పైకి చదువు. ఎవరు ఎవరో తెలియని చోట మాట మార్చు, తెలిసిపోతున్న చోట సగం కొట్టెయ్యి.

ఇంకొకటి. ఉన్న బలం పెరగాలంటే దానికీ మేత కావాలి. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊళ్లు తిరిగి రైతుల మాటలు పోగు చేయించి, 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చారు. అది వ్యవసాయం. 1971లో వచ్చిన రెండోది చేనేత. దొరికితే తిరగెయ్యి, ఒక పనిలో ఎన్ని మాటలు దాక్కుంటాయో తెలుస్తుంది. ఆ తర్వాత మీ నాన్న పక్కన కూర్చో. పుణెలో ఆయన చేసిన మట్టి పనికి, సెంట్రింగ్‌కి వాడిన మాటలన్నీ రాసుకో. కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయం. దాని వెబ్‌సైట్లో పాత కథలు బోలెడు ఉన్నాయి. మీ వైపు వాళ్లవి వెతికి చదువు.

డైలాగులు బాగా వస్తాయి కాబట్టి ఉద్యోగం మానేసి సీరియళ్లకో వెబ్ సిరీస్‌లకో రాయనా అని అడిగావు. ఇప్పుడే వద్దు. నేనొక ఏడాదిన్నర సీరియల్‌కి రాశాను. డబ్బులు బాగానే వచ్చాయి, అబద్ధమెందుకు. రోజుకొక ఎపిసోడ్ అందించాలంటే కొత్తగా వినడానికి తీరిక ఉండదు, విన్నదే తిప్పి తిప్పి వాడాలి. ఆరు నెలలయ్యేసరికి నా అత్తా, కోడలూ, పనిమనిషీ అందరూ నాలాగే మాట్లాడటం మొదలెట్టారు. ఇంట్లో మా ఆయన పిలిచినా సరిగ్గా వినేదాన్ని కాదు. ఆ చెవి మళ్లీ దారిలో పడటానికి రెండేళ్లు పట్టింది. జీతం వస్తున్నన్నాళ్లు నీ చెవిని అద్దెకి ఇవ్వకు.

అవ్వ కథలో ఆ నిరాశ వాక్యం తీసేసి మళ్లీ పంపు. పంపేముందు ఒకటి కనుక్కో. మూడో పేజీలో అవ్వ 'జొన్నరొట్టెలు తయారు చేస్తున్న' అంటుంది. అది నాకు నీ మాటలాగే వినిపించింది. రొట్టె పనిని మీ ఇంట్లో ఏమంటారో నాకు తెలియదు. ఫోన్‌లో వద్దు, ఊరికెళ్లినప్పుడు ఆమె పిండి కలుపుతుండగా అడిగి రాయి.

ఉంటాను.