పెట్రోల్ మిగులుతో ఈఎంఐ తీరుతుందా?

ప్రశ్న: ఉప్పల్‌లో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. నా జీతం చేతికి 65 వేలు, ఇంటి ఖర్చు 40 వేలు, మ్యూచువల్ ఫండ్‌లో నెలకు 10 వేల సిప్ నడుస్తోంది. ఆఫీసుకు రానుపోను 38 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు. నెలకోసారి కుటుంబంతో సూర్యాపేట వెళ్తాం. దాచుకున్నది 5 లక్షలు. తెలిసినవాళ్ల 2017 వాగనార్ 3.40 లక్షలకు వస్తోంది. కొత్త టియాగో ఈవీ (ఎలక్ట్రిక్ కారు), 19.2 యూనిట్ల బ్యాటరీ ఉన్నది, ఆన్‌రోడ్ 9.50 లక్షలు అవుతుందట. పెట్రోల్ ఆదాతోనే ఈఎంఐ తీరిపోతుందని, పన్ను మినహాయింపు కూడా ఉందని షోరూంలో చెప్తున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: ముందు ఆ 5 లక్షల్లోంచి 1.50 లక్షలు పక్కన పెట్టేయండి. దాదాపు నాలుగు నెలల ఇంటి ఖర్చు అది. కారు ఏదైనా సరే, ఆ సొమ్ము ముట్టుకోవద్దు. మిగిలిన 3.50 లక్షలతోనే లెక్క వేద్దాం.

పన్ను మినహాయింపు సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. 80ఈఈబీ సెక్షన్ కింద ఎలక్ట్రిక్ వాహన రుణం వడ్డీపై ఏడాదికి 1.50 లక్షల వరకు మినహాయింపు ఉండేది నిజమే. అది 2019 ఏప్రిల్ 1 నుంచి 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే. ఇప్పుడు తీసుకునే లోనుకు రాదు. తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. ఆ లాభం మీ కొటేషన్‌లో ఇప్పటికే కలిసి ఉండాలి. లైఫ్ ట్యాక్స్ అంటూ ఏదైనా వేశారేమో ఆ కాగితం మళ్లీ ఒకసారి చూడండి.

ఇక పెట్రోల్. మీ తిరుగుడు నెలకు సుమారు 1,200 కిలోమీటర్లు. ఏసీ వేసుకుని ఊళ్లో తిరిగితే ఆ వయసు వాగనార్ లీటరుకు 16 ఇస్తుందనుకుందాం. 75 లీటర్లు, లీటరు 107 చొప్పున 8,025 రూపాయలు. టియాగో ఈవీ 19.2 ఒక్క చార్జితో ఊళ్లో 145 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. చార్జింగ్‌లో పోయేదీ కలిపితే కిలోమీటరుకు 0.15 యూనిట్, నెలకు 180 యూనిట్లు. వీటిని ఇంటి కరెంటు సగటు ధరతో లెక్కించకండి. ఇంటి వాడకం మీద అదనంగా పడేవి కాబట్టి ఇవన్నీ పై స్లాబులోకే వెళ్తాయి. యూనిట్ 9.50 వేసుకుంటే 1,710 రూపాయలు. నెలకు మిగిలేది 6,315.

మరి ఈఎంఐ ఎంత? 3.50 లక్షలు డౌన్ పేమెంట్ కట్టి, 6 లక్షలు 9 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే 12,455 రూపాయలు. పెట్రోల్ ఆదా అందులో సగమే మోస్తుంది. మిగతా ఆరు వేలు మీ జేబులోంచే పోవాలి. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా ఆపేసేది సిప్‌నే. మీరు ఆ పని చేయవద్దని గట్టిగా చెప్తున్నాను.

ఐదేళ్ల మొత్తం లక్షల్లో చూద్దాం. కొత్త ఈవీకి ధర 9.50, వడ్డీ 1.47, కరెంటు 1.03, మొదటి ఏడాది తర్వాతి బీమా 0.80, సర్వీసు, టైర్లు 0.50, చార్జింగ్ పాయింటు 0.15. మొత్తం 13.45 లక్షలు. ఐదేళ్ల తర్వాత 3 లక్షలకు అమ్ముడుపోతే నికర ఖర్చు 10.45 లక్షలు.

వాగనార్‌కు ధర 3.40, కొన్న వెంటనే టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్ పనులు, పేరు మార్పిడి కలిపి 0.45, పెట్రోల్ 4.82, బీమా 0.45, సర్వీసు, రిపేర్లు, ఇంకో సెట్టు టైర్లు 1.18. మొత్తం 10.30. చివర్లో 1.30 వస్తే నికరంగా 9 లక్షలు. రిపేర్లు, బీమా, అమ్మకం ధర నా అంచనాలు. మీ చేతికి వచ్చిన అంకెలు వేసి చూసుకోండి.

తేడా 1.45 లక్షలు. అంటే బ్యాంకుకు కట్టే వడ్డీ అంత! కిలోమీటరుకు 5.26 రూపాయలు ఆదా చేసే బండి మంచిదే. కానీ అప్పు ఆ ఆదాను మింగేస్తోంది. నెలకు 1,660 కిలోమీటర్లు దాటి తిరిగేవాళ్లకైతే కొత్త ఈవీ గిట్టుబాటు అవుతుంది. మీరు అంత తిరగరు.

కాబట్టి ఈ రెండిట్లోనే ఎంచుకోవాలా? మీరు అడగని మూడో దారి ఒకటుంది. 2023లో రిజిస్టరైన ఇదే టియాగో ఈవీ, సెకండ్ హ్యాండ్‌ది. మొదటి రెండు మూడేళ్ల ధర తరుగుదల మొదటి యజమానే భరించి ఉంటాడు. 5.75 లక్షలకు దొరికిందనుకుందాం. 2.25 లక్షలు 12 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 7,473. మీ పెట్రోల్ ఆదా 6,315. షోరూం వాళ్ల మాట దాదాపు నిజమయ్యేది ఇక్కడ! ధర, వడ్డీ, కరెంటు, ఐదేళ్ల బీమా, సర్వీసు, వైరింగ్ అన్నీ కలిపి 8.77 లక్షలు అవుతుంది. ఐదేళ్ల తర్వాత ఆ బండికి ఒక్క రూపాయి రాకపోయినా వాగనార్ కంటే ఎక్కువ కాదు. 1.25 లక్షలు వచ్చినా ఖర్చు ఏడున్నర లక్షలకు దిగుతుంది. నేనైతే మీకు దీన్నే సూచిస్తాను.

అయితే రెండు విషయాలు తేలాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఒకటి, బ్యాటరీ. ఈ మోడల్‌కు వారంటీ 8 ఏళ్లు లేదా 1.60 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. 2023 బండికి 2031 వరకు ఉంటుంది. అది మీ పేరుకు మారుతుందని కంపెనీ సర్వీసు సెంటర్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాటరీ హెల్త్ రిపోర్టు కూడా అడగండి. ఆపై మీరే పరీక్షించండి. నూరు శాతం చార్జి చేయించి, ఏసీ వేసి, ఊళ్లోనే 50 కిలోమీటర్లు నడపండి. చార్జిలో 35 శాతం దాకా ఖర్చయితే బాగున్నట్టు. ఖర్చు 42 శాతం దాటితే ఆ బండి వదిలేయండి. రోజూ ఫాస్ట్ చార్జర్ మీదే నడిచిన ట్యాక్సీ బండి జోలికి అసలు పోవద్దు.

రెండోది, మీ పార్కింగ్‌లో ప్లగ్గు. అపార్ట్‌మెంట్ సంఘం ఒప్పుకోవాలి, వైరు మీ మీటరు నుంచే రావాలి. సెల్లార్‌లో ఉన్న పాత సాకెట్‌కు తగిలించకండి. గంటల తరబడి దాదాపు 3 కిలోవాట్లు లాగితే సన్న వైరు వేడెక్కి సాకెట్ కరుగుతుంది. 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్, విడిగా ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేది), ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు ఆపేది) పెట్టించండి. ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జర్ ఎర్రలైటు చూపించి ఆగిపోతుంది. గీజరు, ఏసీతో కలిపి శాంక్షన్డ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన కిలోవాట్లు) దాటుతుందేమో కరెంటు బిల్లు మీద చూసి, అవసరమైతే లోడ్ పెంచమని దరఖాస్తు పెట్టండి. సంఘం ఒప్పుకోకపోతే ఈవీ ఆలోచన మానేయండి. బయటి చార్జర్లలో యూనిట్ 20 రూపాయల దగ్గర పడితే నెల ఖర్చు 3,600 అవుతుంది. పైగా చార్జింగ్ కోసం గంటలు గంటలు కాచుకోవాలి.

సూర్యాపేట ప్రయాణానికి హైవే మీద వేగంగా పోతే రేంజ్, అంటే ఒక్క చార్జితో వెళ్లే దూరం, 110, 120 కిలోమీటర్లకు పడిపోతుంది. చిట్యాల, నార్కట్‌పల్లి ప్రాంతంలో ఒకసారి ఆగాల్సిందే. 10 నుంచి 80 శాతానికి దాదాపు గంట. పిల్లలతో అది కష్టమనుకుంటే నెలకో ట్రిప్పు ఆర్టీసీ బస్సులో వెళ్లండి.

ప్లగ్గు కుదరకపోతే వాగనారే కొనండి, తప్పేమీ లేదు. అది ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపినది) రాకముందు తయారైన బండి. కాబట్టి మెకానిక్‌తో ఫ్యుయల్ హోసులు, రబ్బరు సీళ్లు చూపించి, పగుళ్లుంటే మార్పించండి. తెలిసినవాళ్లదే అయినా కిలోమీటర్ల రీడింగ్‌ను సర్వీసు రికార్డుతో పోల్చండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 (ఆర్‌సీలోంచి ఆ ఫైనాన్స్ తీసేసే పత్రం) లేకుండా డబ్బు ఇవ్వొద్దు. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, పెండింగ్ చలాన్లు అదే రోజు చూసుకోండి. బీమాను 14 రోజుల్లోపు మీ పేరుకు మార్పించండి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు కాబట్టి ప్రీమియం ఆయన కట్టినదానికంటే ఎక్కువే ఉంటుంది. ధర మాట్లాడేటప్పుడు ఆ మొత్తమూ లెక్కలో పెట్టుకోండి.