తెల్ల మేక, నల్ల పూస

చిరంజీవి సుధీర్‌కు అలాస్కాలోని జూనో నుంచి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలో ముందు తుపాకినే చూశాను, నీ మొహం ఆ తర్వాత. వించెస్టర్ 94, థర్టీ-థర్టీ తూటాది. మడమ (భుజానికి ఆనే కర్ర భాగం) మీద గీతలున్నా గొట్టం శుభ్రంగా ఉందన్నావు, చాలు. స్కోపు (దూరాన్ని దగ్గరగా చూపే గురి గొట్టం) బిగించను, ఇనుప గురితోనే కొండమేకను కొడతానని రాశావు. పాత 94లలో ఖాళీ తూటా పైకి ఎగిరి పడుతుంది, నడినెత్తిన స్కోపు పెట్టడమే కష్టం, కాబట్టి అది నీ పంతమో తుపాకి పంతమో తెలియలేదు. ఏదైనా సరే. స్కోపున్నవాడు మూడొందల గజాల నుంచి కొట్టేదాన్ని నువ్వు నూటపాతిక గజాల దాకా పోయి కొట్టాలి. మధ్యలో ఉన్న ఆ నూట డెబ్బై అయిదు గజాల గురించే ఈ ఉత్తరం.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నువ్వు అంకరేజ్ వచ్చి పద్నాలుగు నెలలయింది, పన్నెండు దాటాయి కాబట్టి రెసిడెంటు లైసెన్సు తీసుకోవచ్చు. దాంతోపాటు మేకకి విడిగా పర్మిటు కావాలి. ఒక్కో కొండల వరసకీ ఇన్ని అని లెక్క కట్టి ఇస్తారు, ఆ లెక్క నిండితే సీజను మధ్యలోనే మూసేస్తారు. బయల్దేరే ముందురోజు తప్పకుండా కనుక్కో. డాలస్ నుంచి నీ స్నేహితుడు కూడా వస్తానన్నాడట. అతను అలాస్కా వాడు కాదు కాబట్టి మేక వేటకి లైసెన్సున్న గైడు ఉండాల్సిందే, లేదా ఇక్కడి రెసిడెంటు అయిన దగ్గరి బంధువు పక్కన ఉండాలి. ఆ జాబితాలో మేనమామ కూడా లేడు, స్నేహితుడు సరేసరి. పైగా అతను వర్క్ వీసా మీద ఉన్నాడన్నావు. అలాంటివాళ్లు వేట లైసెన్సు చేతిలో లేకుండా తుపాకి పట్టుకోవడమే ఫెడరల్ నేరం. సరదాకి కూడా నీది అతని చేతికివ్వకు.

ఇక అసలు విషయం. మనం దీన్ని మేక అంటున్నాం గానీ ఇది మన ఊరి మేకల జాతి కాదు. ఒరియామ్నోస్ అనే జాతిలో బతికున్నది ఇదొక్కటే. గిట్టకి చుట్టూ గట్టి అంచు, లోపల రబ్బరులాంటి మెత్తటి దిండు, అందుకే మనం చేతులూ కాళ్లూ వేసి పాకే చోట అది నెమరేస్తూ పడుకుంటుంది. ఒంటినిండా తెలుపు. ఇనుప గురి పెట్టుకున్నవాడికి మొదటి చిక్కు అక్కడే వస్తుంది.

నీ తుపాకి గొట్టం చివర గురి చూసుకునే బంగారు రంగు పూస ఉంది కదా, అది చీకటి అడవిలో గోధుమరంగు జింక మీద మెరవడానికి చేసింది. తెల్లటి మేక మీద, అందులోనూ వెనక మంచు ఉంటే, అది ఉన్నట్టే తెలియదు. నా మొదటి ఏడాది తొంభై గజాల్లో పోతు అడ్డంగా నిలబడింది. పూస కోసం వెతుక్కుంటూనే ఉన్నాను, అది ఒకసారి నావైపు చూసి చరియ దాటి పోయింది. ఆ రాత్రి టెంటులో కొవ్వొత్తి వెలిగించి పూసకి మసి పట్టించాను. ఇప్పటికీ అదే చేస్తాను. మసి తడికి చెదిరిపోతుంది కాబట్టి జేబులో అగ్గిపెట్టె ఉంచుకో. అంతకన్నా మంచి పని, పూస బదులు చదునైన తలున్న నల్లటి పోస్టు (నిలువు పుల్ల) వేయించుకోవడం. వెనక వైపు V గాడి తీసేసి చిన్న రంధ్రమున్న పీప్ సైటు పెట్టించు. నా వయసు కళ్లకే కాదు, నీ కళ్లకీ అదే మేలు. రంధ్రంలోంచి చూస్తే చాలు, దాన్ని మధ్యకి తేవడం కంటి పని, నీ ధ్యాసంతా ముందు పోస్టు మీదే ఉండాలి. వాన పడితే ఆ రంధ్రంలో నీటిబొట్టు నిలుస్తుంది. గురి పెట్టే ముందు ఉఫ్‌మని ఊదు. ఇక్కడ వాన పడని రోజంటూ ఉంటే కదా! నీళ్లు పోకుండా గొట్టం మూతికి కరెంటు టేపు ముక్క అతికించుకో, కాల్చేటప్పుడు తీయనక్కర్లేదు.

అదే పూసతో దూరం కూడా కొలవొచ్చు. దాని మందం అంగుళంలో పదహారో వంతు, కంటికీ దానికీ మధ్య 28 అంగుళాలనుకో. 100 గజాల దగ్గర అది 8 అంగుళాల మేర కప్పుతుంది, 200 దగ్గర 16. అంటే 200 గజాల్లో పోతు ఛాతీ దాదాపు మొత్తం పూస వెనక దాక్కుంటుంది. అప్పుడు నువ్వు కొట్టేది మేకని కాదు, మేక ఉందనుకున్న చోటుని. పూసకి పైనా కిందా ఛాతీ బాగా మిగిలి కనిపిస్తేనే ట్రిగ్గరు మీద వేలు పెట్టు. లేదంటే ఇంకొంచెం పాకు. తూటా సంగతీ అంతే. 170 గ్రెయిన్ల (సుమారు 11 గ్రాముల) గుండు 100 గజాలకి సరిచేసి పెడితే 200 దగ్గరికి ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందికి జారుతుంది. బొచ్చున్న జంతువు మీద ఆ జారుడు అంచనా కట్టడం నా వల్ల కాలేదు, నీ వల్లా కాదు.

బొచ్చు అన్నాను కదా. అక్టోబరుకి పొట్ట కింద వేలాడే బొచ్చు, వీపు మీద నిక్కిన జూలు కలిసి జంతువుని పెద్దది చేసి చూపిస్తాయి. భుజం పైన కనిపించే మూపులో ఉన్నది పొడవాటి వెన్ను ముళ్లు, అక్కడ తగిలితే దెబ్బ తిని పారిపోతుందే తప్ప పడదు. ముందు కాలి వెంట పైకి వెళ్లి, కనిపించే ఒంట్లో సగానికి కాస్త కిందే ఆగు. ఇంటి దగ్గర సాధన కూడా ఇలాగే చెయ్యి. నల్ల చుక్కలున్న టార్గెట్లు పక్కన పడేసి తెల్ల దుప్పటి మీద తెల్ల పేపరు ప్లేటు అతికించి కొట్టు. మెట్లు రెండుసార్లు ఎక్కి దిగి, రొప్పుతూ, సంచి మీద తుపాకి ఆనించి, 125 గజాల్లో అయిదుకి అయిదూ ప్లేటులో పడాలి. పడిన రోజు నాకు ఫోన్ చెయ్యి, అప్పటిదాకా టికెట్లు కొనకు.

దగ్గరికి పోవడం ఎలా? మేక తన శత్రువు కింద నుంచే వస్తుందనుకుంటుంది, దాని చూపెప్పుడూ లోయ మీదే. అందుకని పై నుంచి దిగాలి. కానీ గాలి చూసుకో. పొద్దున్నే ఎండ రాకముందు చల్లటి గాలి కొండ మీంచి కిందికి జారుతుంది, అప్పుడు నువ్వు పైనుంటే నీ చెమట వాసన నేరుగా దాని ముక్కులోకి. పొద్దెక్కి బండలు వేడెక్కాక గాలి పైకి తిరుగుతుంది. కాబట్టి చీకటుండగా శిఖరానికి అవతలి వైపు నుంచి ఎక్కు. పది పదకొండు గంటలకి అవి మేసి పడుకుంటాయి, అప్పుడు తలొక్కటే ఈవలికి పెట్టి చూడు. మబ్బు రోజుల్లో ఈ లెక్క కుదరదు, పిడికెడు గడ్డి పరకలు వదిలి చూసుకోవాల్సిందే. పొగమంచు దిగితే కూర్చో. అందులో నడిచి మేకని పట్టినవాడిని నేను చూళ్లేదు, కాలు విరిగినవాళ్లని చూశాను.

ఆగస్టులోనే సీజను తెరుస్తారు గానీ నువ్వు అక్టోబరు మొదటి వారానికి రా. తోలు బాగుంటుంది, పోతులు ఇంకా మదమెక్కవు (అది నవంబరులో), మంచు పడుతున్నకొద్దీ అవి చెట్ల గీత వైపు దిగుతుంటాయి. పొదలు, చిన్న గుట్టలు అడ్డుపెట్టుకుని పాకడానికి నీలాంటి దగ్గరి తుపాకివాడికి అదే అదను.

పోతో పెంటో తేల్చుకోవడం మీద నేను నీతో కఠినంగానే ఉంటాను. రెండింటికీ కొమ్ములుంటాయి, రెండింటికీ గడ్డముంటుంది. పెంటి నాలుగైదేళ్లు వస్తే గాని మొదటిసారి ఈనదు, ఆ తర్వాత కూడా సాధారణంగా ఒక్కటే పిల్ల. ఒక పెంటి పోతే ఆ కొండ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. మా ప్రాంతంలో కోటా కట్టేటప్పుడు పోతుకి ఒక పాయింటు, పెంటికి రెండు వేసేది అందుకే. పిల్ల వెంట ఉన్న పెంటిని కొట్టడం నేరం కూడా. మందగా కనిపిస్తే అవి పెంటులూ పిల్లలూ అనుకుని వదిలెయ్. దూరంగా ఒంటరిగా, కొంచెం పసుపు తిరిగిన బొచ్చుతో, మురికి పట్టిన పిర్రలతో పడుకున్నదే సాధారణంగా పోతు. కొమ్ము మొదలు చూడు. పోతుకి మొదట్లో లావు, రెండు కొమ్ముల మధ్య సందు తక్కువ, మొదటి నుంచి చివరిదాకా ఒకే వంపు. పెంటికి సన్నగా, ఎడంగా ఉండి కొస దగ్గర మాత్రం వెనక్కి వంగుతుంది. అయినా తేలకపోతే అది లేచి ఉచ్చ పోసేదాకా ఆగు. పెంటి వెనక కాళ్ల మీద కూర్చుంటుంది, పోతు ముందుకి సాగి నిలబడుతుంది. నవ్వకు, రెండు గంటలు వానలో దానికోసమే కూర్చున్న రోజులున్నాయి. తుపాకికి స్కోపు వద్దన్నావు సరే, మెడలో మంచి బైనాక్యులర్ లేకుండా మాత్రం నా వెంట రాకు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. రెండో ఏడాది చక్కటి పోతు, ఎనభై గజాలు, అంచు మీద నిలబడింది. కొట్టాను, గుండు సరిగ్గానే తగిలింది. తగిలిన మేక చరియ వైపే వెళ్తుందని అందరూ చెబుతారు, అదీ అలాగే రెండడుగులు వేసి అంచు దాటింది. దొర్లుతున్న చప్పుడు చాలాసేపు వినపడింది. కిందికి చేరడానికి నాకు నాలుగు గంటలు పట్టింది. ఒక కొమ్ము విరిగింది, మాంసం సగం బండలకి నలిగి నల్లబడింది, తోలు చినిగిపోయింది. తినగలిగినంతా ఏరుకుని చీకట్లో తల లైటుతో వాగు వెంట దిగాను. అప్పటినుంచి గురి పెట్టకముందే కింద ఏముందో చూస్తాను. ఇది ఇక్కడ పడితే ఎక్కడ ఆగుతుంది, అక్కడికి నేను తాడు లేకుండా వెళ్లి మోతతో తిరిగి రాగలనా? రాలేననుకుంటే అది లేచి మంచి చోటికి వచ్చేదాకా కూర్చుంటాను. సాయంత్రం దాకా రాకపోతే ఉత్త చేతులతో దిగొస్తాను.

చోటు బాగుండి కొట్టావే అనుకో, రెండు భుజాలూ విరిగేలా కొట్టు, నిలబడిన చోటే కూలుతుంది. తర్వాత మెచ్చుకుంటూ చూడకు. లీవరు తుపాకి (ట్రిగ్గరు కింద పిడి ఆడిస్తే కొత్త తూటా ఎక్కేది) గొప్పంతా అక్కడే ఉంది, మడమ భుజం మీంచి దించకుండానే లీవరు పూర్తిగా ముందుకి, పూర్తిగా వెనక్కి లాగి మళ్లీ గురి మీద ఉండు. సగం లాగితే తూటా ఇరుక్కుంటుంది. కదిలితే మళ్లీ కొట్టు.

నీ తుపాకికి మాగజైను గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, వెనకదాని మొన ముందుదాని అడుగునున్న ప్రైమరు (నిప్పు పుట్టించే బిళ్ల) మీద ఆనుతుంది. మొనదేలిన గుండ్లు పెడితే కాల్చినప్పటి తన్నుకి లోపలే పేలొచ్చు. మొన చదునుగా ఉన్నవే వాడు, లేదా మెత్తటి రబ్బరు మొనతో ఈ తుపాకులకనే చేసినవి. నా తుపాకి శావేజ్ 99లో తిరిగే మాగజైను కాబట్టి నాకా బాధ లేదు, నన్ను చూసి నా తూటాలు అడగకు. కొండెక్కుతున్నంతసేపూ తుపాకి గదిలో (ఛాంబరులో) తూటా ఉండకూడదు. గురికి కూర్చున్నాకే లీవరు వెయ్యి. దాన్ని ఖాళీ చెయ్యాలంటే తూటాలన్నీ లీవరుతోనే బయటికి లాగాలి, చేతివేళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి, అందుకని మూతి ఎటుందో చూసుకుని నిదానంగా లాగు.

పడ్డాక అసలు కూలి పని మొదలు. నాలుగు కాళ్లు, మెడ, పక్కటెముకల మాంసం, వెన్ను వెంట మాంసం, అన్నీ దించాలి, వదిలేస్తే కేసు. కొమ్ములు చివరి మోతతోనే దిగాలి, ముందుగా కాదు. తోలు జాగ్రత్తగా తీయి, బొచ్చు పారెయ్యకు. చిల్కాట్ దుప్పట్లు ఇక్కడి ఆదివాసులైన ట్లింగిట్ వాళ్లు ఈ మేక ఉన్నితోనూ దేవదారు బెరడుతోనూ నేస్తారు. నాకు తెలిసిన నేతగత్తె ఒకావిడ ఉంది, మిగిలిన ఉన్ని ఆవిడకిద్దాం. మాంసం ముదురు, మన ఊరి లేతపోతు అనుకుని వండితే దవడలు నొప్పెడతాయి. పచ్చి బొప్పాయి ముద్ద పట్టించి రాత్రంతా ఉంచి, కుక్కరులో ఎనిమిది కూతలకి తక్కువ కాకుండా.

విమానంలో తుపాకి తాళం వేసిన గట్టి పెట్టెలో, ఖాళీగా, చెకిన్‌లో చెప్పి వెయ్యి. తూటాలు ఎన్ని పౌన్లు తేవచ్చో విమానం కంపెనీని ముందే అడుగు. ఐస్ గొడ్డలి, క్రాంపాన్లు (బూట్లకి బిగించే ఇనుప ముళ్లు) నా దగ్గర రెండు జతలున్నాయి, నీ బూటు సైజు రాయి. మీ అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి సీసా మాత్రం చెకిన్‌లో తుపాకి పక్కన పెట్టకు, పోయినసారి నా వానకోటు నెల రోజులు వాసన కొట్టింది.

మామయ్య